బూట్ పార్టిషన్ నిండితే కొత్త కర్నెల్ ఎక్కదు

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. అక్కడి కంప్యూటర్లో ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) వాడుతున్నాను. ఈ మధ్య అప్‌డేట్ చేసినప్పుడల్లా డిస్కులో చోటు లేదంటూ కొత్త కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టంలోని ప్రధాన భాగం) సగంలో ఆగిపోతోంది. డిస్కులో మాత్రం 300 జీబీ ఖాళీగానే ఉంది. డిస్కును మళ్లీ పార్టిషన్లుగా (భాగాలుగా) విభజించుకోవాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అవసరం లేదు. మీరు జతచేసిన ఫొటోలో కంప్యూటర్ తెరుచుకోవడానికి కావలసిన ఫైళ్లుండే ‘స్లాష్ బూట్’ (/boot) అనే పార్టిషన్ 512 ఎంబీ మాత్రమే ఉంది, అది పూర్తిగా నిండింది. మీకు కనిపిస్తున్న 300 జీబీ వేరే పార్టిషన్‌ది. అది దీనికి అక్కరకు రాదు.

కొత్త కర్నెల్ వచ్చినా పాతది వెంటనే పోదు. కొత్తది మొరాయిస్తే గ్రబ్ మెనూ (ఆన్ చేయగానే కర్నెల్‌ను ఎంచుకునే తెర) లోంచి పాతదానితో కంప్యూటర్ తెరుచుకోవడానికే ఆ ఏర్పాటు. అయితే ప్రతి కర్నెల్‌తో పాటు కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు కావలసిన డ్రైవర్లుండే ఇనిట్‌ఆర్‌డీ (initrd) అనే ఫైలు కూడా బూట్‌లో చేరుతుంది. డ్రైవర్లను బట్టి అదొక్కటే 100 ఎంబీ దాటవచ్చు కాబట్టి, మూడు కర్నెల్‌లు పోగయ్యేసరికి నాలుగోదానికి చోటుండదు.

ముందుగా టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) ‘యూనేమ్ హైఫన్ ఆర్’ (uname -r) కొట్టి, ఇప్పుడు నడుస్తున్న కర్నెల్ ఏదో కాగితం మీద రాసుకోండి. దాని జోలికి పోకూడదు. తర్వాత ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ (sudo apt autoremove) నడిపితే అక్కర్లేని పాత కర్నెల్‌లు తొలగిపోతాయి. సగంలో ఆగిన ఇన్‌స్టాలేషన్ అడ్డుపడి అదీ సాగకపోతే, నడుస్తున్న కర్నెల్‌ది కాకుండా మిగతావాటిలో అన్నిటికన్నా పాత ఇనిట్‌ఆర్‌డీ ఫైలును తాత్కాలికంగా హోమ్ ఫోల్డర్లోకి తరలించి, ‘సుడో ఆప్ట్ హైఫన్ ఎఫ్ ఇన్‌స్టాల్’ (sudo apt -f install)తో ఆగిన పని పూర్తిచేసి, ఆటోరిమూవ్ మళ్లీ నడపండి. బూట్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటిగా చేత్తో చెరిపేసే అలవాటు చాలామందికి ఉంది గాని, ప్యాకేజీల లెక్కలో ఆ కర్నెల్ ఇంకా ఉన్నట్టే మిగిలి తర్వాతి అప్‌డేట్‌లో చిక్కు పెడుతుంది.

ఇక బూట్‌ను పెంచాలంటే, పక్కనున్న పార్టిషన్ మొదలును బూట్‌కు దూరంగా జరపాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ ఉబుంటు (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) తెరిచి, పార్టిషన్లను మార్చే జీపార్టెడ్ ప్రోగ్రాంతో చేయవచ్చు కాని, డేటా అంతా కదలాలి గనుక గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డీటీపీ ఫైళ్లన్నీ పోయే ప్రమాదం ఉంది. బ్యాకప్, యూపీఎస్ రెండూ లేకుండా దానికి దిగవద్దు. ఎప్పుడైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా డేటా చదవలేకుండా చేసే రక్షణ) పెట్టుకోనట్లయితే బూట్‌కు వేరే పార్టిషన్ ఇవ్వకుండా రూట్‌లోనే (ఉబుంటు ఉండే ప్రధాన పార్టిషన్‌లోనే) ఉంచండి. పెట్టుకుంటే కనీసం 2 జీబీ కేటాయించండి.