ఒక్క చీరకు ఆరు సర్వీసులా?

ప్రశ్న: మేడమ్, మంగళగిరిలో మా బావగారికి చేనేత చీరల షాపు ఉంది. దానికి ఆన్‌లైన్ స్టోర్ కడుతున్నాం. చేసేది నేనూ, నా ఫ్రెండూ. కేటలాగ్, కార్ట్, స్టాక్, ఆర్డర్లు, పేమెంట్, నోటిఫికేషన్లు అని ఆరు మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు), దేని డేటాబేస్ దానికే అనుకున్నాం. నెట్‌ఫ్లిక్స్ లాంటి కంపెనీలు అలాగే చేశాయి కదా. ముందే ఇలా కట్టుకుంటే తర్వాత తిప్పలు తప్పుతాయా?
— ఒక పాఠకుడు

జవాబు: తప్పవండీ. ఎప్పుడో రావలసిన తిప్పలు మొదటి రోజే వస్తాయి.

మీరు అమ్మేది చేనేత. ఆ రంగు, ఆ అంచు ఉన్న చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. దాన్ని గుంటూరులో ఒకావిడ, డల్లాస్‌లో ఇంకొకావిడ ఒకే నిమిషంలో కొనబోతారు. అప్పుడే షాపులో మీ బావగారు అదే చీర మడత విప్పి ఎవరికో చూపిస్తుంటారు. మీ బ్యాకెండ్‌కి (తెర వెనక నడిచే ప్రోగ్రాముకి) అసలు పరీక్ష ఇదే గానీ, లక్షమంది ఒకేసారి రావడం కాదు.

స్టాక్, ఆర్డర్లు ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయనుకోండి. 'స్టాక్ సున్నా కంటే ఎక్కువుంటేనే ఒకటి తగ్గించు' అనే అప్‌డేట్, ఆర్డరు రాసే ఇన్సర్ట్, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, అంటే జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. ముందొచ్చినవాళ్లకు చీర దక్కుతుంది, రెండోవాళ్లకు 'అయిపోయింది' అని కనిపిస్తుంది. మధ్యలో సర్వర్ పడిపోయినా పని సగంలో ఆగి ఉండదు. బావగారి ఫోన్‌లోని 'అమ్మేశాం' బటన్ కూడా ఇదే అప్‌డేట్‌ను పిలవాలి.

స్టాక్‌ను, ఆర్డర్లను విడదీస్తే ఆ ట్రాన్సాక్షన్ పోయినట్టే. స్టాక్ తగ్గింది, ఆర్డర్ సర్వీసు సమయానికి జవాబివ్వక టైమవుట్ అయింది. ఇప్పుడు ఆర్డరు పడిందా, లేదా? ప్రతి అడుగుకీ దాన్ని రద్దు చేసే అడుగు మీరే రాయాలి. దీన్ని సాగా అంటారు. పొడవాటి ట్రాన్సాక్షన్లను ముక్కలు చేయడానికి గార్సియా-మొలీనా, సాలెం అనే పరిశోధకులు 1987లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. పద్ధతి మంచిదే, కానీ ఇద్దరు మనుషులు రాసి, టెస్ట్ చేసి, రాత్రిపూట కాపలా కాయాల్సినంత అవసరం ఇక్కడ లేదు. నేను పనిచేసిన ఒకచోట కస్టమర్ డబ్బు కట్టయి ఆర్డరు రాకపోతే, ఏ సర్వీసు లాగ్‌లో వెతకాలన్న దగ్గరే వాదన మొదలయ్యేది.

నెట్‌ఫ్లిక్స్ సంగతికొస్తే, 2008లో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయాకే వాళ్లు క్లౌడ్ దారి, దాంతోపాటే మైక్రోసర్వీసుల దారి పట్టారు. ఆ మార్పు పూర్తయ్యేసరికి 2016 వచ్చింది. మరోవైపు ప్రైమ్ వీడియోలో ఒక టీమ్ వీడియో నాణ్యతను గమనించే తమ వ్యవస్థ ముక్కల్ని మళ్లీ ఒకే అప్లికేషన్‌గా కలిపితే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో రాసింది. ఇంటర్వ్యూల కోసం మైక్రోసర్వీసులు నేర్చుకోవాలనుంటే సొంత ప్రాజెక్టులో నేర్చుకోండి, బావగారి డబ్బుతో వద్దు.

జాగ్రత్తంతా పేమెంట్ దగ్గర చూపించండి. పేమెంట్ పేజీకి పంపేముందే చీరను పది నిమిషాలు ఆ కస్టమర్ పేరున హోల్డ్ చేయండి. యూపీఐలో డబ్బు కట్టయ్యాక కస్టమర్ యాప్ మూసేయొచ్చు. పేమెంట్ గేట్‌వే (మీ తరఫున డబ్బు తీసుకునే కంపెనీ) పంపే వెబ్‌హుక్, అంటే 'డబ్బు కట్టారు' అని మీ సర్వర్‌కి వచ్చే కబురు, ఆలస్యంగా రావచ్చు, ఒక్కోసారి రెండుసార్లు కూడా వస్తుంది. అందుకే ఆ కబురుతో వచ్చే ఈవెంట్ ఐడీని యూనిక్ కాలమ్‌లో (ఒకే విలువను రెండోసారి పడనివ్వని చోట) రాసుకోండి, రెండోసారి వస్తే ఏమీ చేయకుండా గేట్‌వేకి 'అందింది' అని చెప్పండి. హోల్డ్ గడువు దాటాక డబ్బు వచ్చి, ఈలోపు చీర అమ్ముడైపోతే, రీఫండ్ దానంతటదే మొదలవ్వాలి. ఆ సంగతి కస్టమర్ ఫోన్ చేయకముందే మెసేజ్‌లో తెలియాలి.

మిగతా కోడ్‌ను ఒకే అప్లికేషన్‌లో వేర్వేరు మాడ్యూళ్లుగా ఉంచండి. ఒక మాడ్యూల్ టేబుళ్లను ఇంకోటి నేరుగా ముట్టుకోకూడదు. ముందుగా వేరు చేయదగ్గది నోటిఫికేషన్లే. ఆర్డరు ట్రాన్సాక్షన్‌లోనే 'పంపాల్సిన మెసేజ్' అని ఒక వరుస రాస్తే, దాన్ని వేరే వర్కర్ (వెనక విడిగా నడిచే ప్రోగ్రాము) తీరిగ్గా పంపుతుంది. ఎస్సెమ్మెస్ కంపెనీ సర్వర్ గంటసేపు పడుకున్నా మీ అమ్మకాలు ఆగవు.