ముందు స్ప్రింగు, తర్వాతే సోలనాయిడ్

చిరంజీవి రఘుకు ఆశీస్సులు.

టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి) 1.4 బార్ దాకా తేవాలనుకుంటున్నానని, దాన్ని అదుపు చేసే సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) కూడా కొన్నానని రాశావు. వేస్ట్‌గేట్ స్ప్రింగు ఎన్ని బార్లదో మాత్రం రాయలేదు. ముందు తేల్చుకోవలసింది అదే.

టర్బో కంప్రెసర్ నుంచి వచ్చే గాలి, వేస్ట్‌గేట్‌ను కదిపే యాక్చుయేటర్‌లోని డయాఫ్రమ్‌ను (సాగే పొరను) నెడుతుంది. ఆ నెట్టుడు స్ప్రింగు బలాన్ని మించితే వేస్ట్‌గేట్ వాల్వు తెరుచుకుని, కొంత ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్‌ను తిప్పకుండా పక్కదారిన పోతుంది. సోలనాయిడ్ చేసేదల్లా డయాఫ్రమ్‌కు చేరే ఒత్తిడిని కొంత తగ్గించి, వాల్వు తెరుచుకోవడాన్ని ఆలస్యం చేయడం. అంటే అది బూస్ట్‌ను పెంచగలదే తప్ప, స్ప్రింగు స్థాయి కంటే దించలేదు. 1 బార్ స్ప్రింగు బిగించి, తడి రోడ్డు మీద 0.6 చాలనుకుంటే కుదరదు. అలాగని మరీ మెత్తనిదీ పనికిరాదు. మానిఫోల్డ్‌లోని ఎగ్జాస్ట్ ఒత్తిడి కూడా వాల్వును తెరవాలనే చూస్తుంది కాబట్టి పై ఆర్‌పీఎంలో బూస్ట్ జారిపోతుంది. మూడు పోర్టుల (గొట్టాలు తగిలించే రంధ్రాల) సోలనాయిడ్‌తో స్ప్రింగు ఒత్తిడికి రెట్టింపు దాటించాలని ఆశపడకు. నీ లెక్కకు 0.8 లేదా 0.9 బార్ స్ప్రింగు హాయిగా సరిపోతుంది. యాక్చుయేటర్‌ను వాల్వుకు కలిపే కడ్డీని పొట్టి చేసి అదే ఫలితం రాబట్టవచ్చని ఎవరైనా చెబితే వినకు. కొద్దిగా అయితే ఫరవాలేదు. మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా తెరుచుకోదు.

గొట్టాలు కలిపేటప్పుడు పోర్టుల మీది అంకెలను నమ్మకు, అవి తయారీని బట్టి మారతాయి. కరెంటు ఇవ్వకుండా, కంప్రెసర్ గొట్టం తగిలించబోయే పోర్టులో నోటితో ఊది చూడు. గాలి యాక్చుయేటర్ వైపు పోర్టులోంచి రావాలి. అప్పుడే ఎప్పుడైనా వైరు తెగినా బూస్ట్ స్ప్రింగు స్థాయికి పడిపోయి ఇంజిన్ బతుకుతుంది. తిరగేసి కలిపితే వైరు తెగిన రోజున యాక్చుయేటర్‌కు గాలే అందదు, బూస్ట్‌కు పగ్గం ఉండదు. గొట్టాలు పొట్టిగా ఉంచి, ప్రతి కొసకూ క్లిప్పు వేయి. ఊడిన గొట్టం చేసే నష్టమూ అంతే.

ఇక ఇంజిన్ కంప్యూటర్ పని. బూస్ట్ హద్దు మీరితే ఇంధనం ఆగిపోయే కట్‌ను ముందే పెట్టుకో. సోలనాయిడ్ ప్లగ్గు పీకి, పై గేరులో నిండు లోడుతో ఒకసారి లాగి చూడు. బూస్ట్ స్ప్రింగు దగ్గర నిలవకుండా ఆర్‌పీఎంతో పాటు పైకి పాకుతుంటే, వేస్ట్‌గేట్ దారి చాలడం లేదన్నమాట. దాన్ని ఏ సోలనాయిడూ బాగుచేయలేదు. నిలిస్తే డ్యూటీని (సోలనాయిడ్‌కు కరెంటు అందే సమయపు శాతాన్ని) 5 శాతం చొప్పున పెంచుతూ, ఎంతకు ఎంత వస్తుందో రాసుకుంటూ పట్టిక కట్టు. ప్రతిసారీ నాకింగ్‌నూ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడాన్నీ) గాలి-ఇంధన నిష్పత్తినీ చూడు. పీఐడీ (బూస్ట్‌ను చూస్తూ డ్యూటీని తనంతట తానే సరిదిద్దే పద్ధతి) జోలికి చివర్లో వెళ్ళు. పట్టిక సరిగ్గా కుదిరితే దానికి మిగిలే పని తక్కువే.

స్ప్రింగుతో మాత్రమే నడిపినప్పటి లాగ్ (కంప్యూటర్ నమోదు) ముందు నాకు పంపు. బూస్ట్, ఆర్‌పీఎం, థ్రాటిల్ మూడూ ఒకే గ్రాఫ్‌లో ఉండాలి.

నీ బాబాయి