హోటల్ కర్రీ రుచి రావాలంటే గరం మసాలా ఎంత వేయాలి?

అర కిలో చికెన్‌కి రెండు టీస్పూన్ల గరం మసాలా వేస్తున్నా హోటల్ రుచి రావడం లేదు, పైగా కూర చేదెక్కుతోంది, ఇంకా ఏ మసాలా కలపాలి అని అడిగారు. ఏదీ కలపకండి. ఉన్నదే తగ్గించండి.

నేను హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్ వంటగదిలో మూడేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఘుమఘుమలాడాలని చికెన్ గ్రేవీలో గరం మసాలా దండిగా గుమ్మరించాను. మాస్టర్ రుచి చూసి, "ఇందులో చికెన్ ఎక్కడుందిరా, అంతా లవంగమే కదా" అన్నారు. ఆ గిన్నె బయటికి వెళ్లలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మీరు హోటల్ రుచి అనుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం ఉల్లిపాయది. మా దగ్గర పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు, టమాటాలు, జీడిపప్పు, మగజ్ (అంటే పుచ్చగింజల పప్పు), కొంచెం ఖడా మసాలా (అంటే పొడి చేయని మసాలా దినుసులు) వేసి ఉడికించేవాళ్లం. చల్లారాక మెత్తగా రుబ్బి, నూనెలో అల్లం వెల్లుల్లి ముద్ద వేగాక అందులో పోసి, నూనె పైకి తేలేదాకా కలుపుతూనే ఉండేవాళ్లం. చేతులు లాగేసేవి. సాయంత్రం ఆర్డర్ రాగానే పది నిమిషాల్లో కూర బయటికి వెళ్లేదంటే ఆ గ్రేవీ వల్లే. ఇంట్లో మనం ఉల్లిపాయ మెత్తబడగానే టమాటా వేసేస్తాం. అక్కడ పోయిన రుచిని ఎంత మసాలా వేసినా తిరిగి తేలేం. అర కిలో చికెన్‌కి మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, మీడియం మంట మీద 15-20 నిమిషాలు ఓపిగ్గా వేయించండి. ముదురు బంగారు రంగు రావాలి, నల్లబడకూడదు.

మసాలాలన్నీ ఒకేసారి వేయకండి. దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు, బిర్యానీ ఆకు లాంటివి మొదట్లో నూనెలోకి వెళ్లాలి, వాటి వాసన నూనె పట్టుకుంటుంది. ఉల్లిపాయ వేగాక పసుపు, కారం, ధనియాల పొడి. ఇవి వేసేటప్పుడు మంట బాగా తగ్గించి రెండు చెంచాల నీళ్లు చల్లండి, లేకపోతే క్షణాల్లో మాడిపోతాయి. మీ కూరలో చేదు సగం ఇక్కడే పుడుతోందని నా అనుమానం. గరం మసాలా పొడి మాత్రం ఆఖర్న. దాని సువాసన ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. అరగంట ఉడికిస్తే వాసన ఆవిరితో వెళ్లిపోతుంది, ఘాటు, వగరు కూరలో మిగులుతాయి. కూర దించడానికి రెండు నిమిషాల ముందు అర టీస్పూన్ వేసి మూత పెట్టండి, చాలు. దాంతోపాటే ఒక టీస్పూన్ కసూరి మేథీని (అంటే ఎండు మెంతి ఆకు) పెనం మీద కాస్త వేడిచేసి, అరచేతుల్లో నలిపి వేయండి. చాలామంది గరం మసాలాది అనుకునే ఆ హోటల్ వాసన నిజానికి దీనిది.

ప్యాకెట్ కొంటే వెనక రాసినది చదవండి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరే ముందు రాస్తారు. ధనియాలు ముందుంటే అది కాస్త ఎక్కువ పడినా ఫర్వాలేదు. లవంగం, దాల్చిన చెక్క ముందుంటే చెయ్యి బిగబట్టాలి. ఇంట్లో అమ్మ ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి కలిపి నూరే మసాలా వేరే రకం. అది కూరకు చిక్కదనం కూడా ఇస్తుంది కాబట్టి రెండు చెంచాలు పడుతుంది. ఆ కొలతే గరం మసాలాకీ వాడితే కూర చెడుతుంది.

నేను ఇప్పటికీ చేసుకునేది ఇది: యాలకులు, దాల్చిన చెక్క, షాజీరా పదేసి గ్రాములు, లవంగాలు, మిరియాలు ఐదేసి గ్రాములు, రెండు నల్ల యాలకులు, కొంచెం జాపత్రి. చిన్న మంట మీద వేడెక్కేదాకా మాత్రమే వేయించి, పూర్తిగా చల్లారాక పొడి చేసి, గాలి చొరని సీసాలో పెడతాను. నెలకు సరిపడా మాత్రమే చేస్తాను. పనీర్ బటర్ మసాలాకైతే ఇందులో నల్ల యాలకులు తీసేయండి, వాటి పొగ వాసన ముందు వెన్న రుచి నిలబడదు.