ఇమ్యూనిటీ తగ్గితే కరెంటు ట్రీట్‌మెంట్‌లో గుండె ఎక్కువ దెబ్బతింటుందా?

రాయగడ నుంచి అడిగారు: అమ్మకి ఎడమ రొమ్ము క్యాన్సర్, కీమోతో కౌంట్ (రక్తంలో తెల్ల కణాల సంఖ్య) పడిపోయింది, త్వరలో విశాఖలో కరెంటు (రేడియేషన్) పెడతారు, ఇమ్యూనిటీ లేని ఎలుకల గుండెలో రేడియేషన్ దెబ్బ వేరుగా ఉంటుందని చదివాం, అమ్మకీ అంతేనా అని.

కాదండీ. అన్నిటినీ "ఇమ్యూనిటీ" అనే ఒక్క మాటలో కలిపేయడంతోనే చిక్కంతా. థైమస్ (టీ కణాలు తయారయ్యే ఛాతీలోని గ్రంథి) లేకుండా పుట్టే, ల్యాబ్‌లో వాడే న్యూడ్ ఎలుకకి కరువయ్యేవి టీ కణాలనే ఒక రకం తెల్ల కణాలు, అదీ జీవితాంతం. కీమోతో ముఖ్యంగా పడిపోయేవి న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియాతో పోరాడే మరో రకం తెల్ల కణాలు. అవి మామూలుగా కొన్ని వారాల్లో కోలుకుంటాయి. మాస్ట్ కణాలు (అలర్జీలో పనిచేసే రోగనిరోధక కణాలు) లేని ఎలుకల సంగతి ఇంకోలా ఉంది. గుండె కండ గట్టిపడటంలో ఈ కణాల చెయ్యి ఉందని అనుమానం. తీరా 2005లో వచ్చిన ప్రయోగంలో, అవి లేని ఎలుకలకే దెబ్బ ఎక్కువ తగిలింది. ఏ కణం లేదో చెప్పకుండా గుండె సంగతి తేల్చలేం.

పైగా ఇలాంటి ప్రయోగాల్లో ఎక్కువగా ఎలుక గుండె మొత్తానికి ఒకేసారి పెద్ద డోసు ఇస్తారు. మనుషులకి రొమ్ముకి ఇచ్చేది చాలాచోట్ల 40 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 15 విడతల్లో. గుండెకి అంచున తగిలేది అందులో కొద్ది భాగం. ఇంకోటి, ఎలుకకి ఎకో (గుండె స్కాన్) తీసేటప్పుడు మత్తు కాస్త ఎక్కువైనా, నిమిషానికి మూడు నాలుగు వందల సార్లు కొట్టుకునే గుండె నెమ్మదించి పంపింగ్ తగ్గినట్టే కనిపిస్తుంది, కాబట్టి ఆ ఫలితాల్ని నేరుగా అమ్మకి అన్వయించలేం.

మీరు అడగాల్సింది గుండెకి పడే సగటు డోసు ఎంతని. స్వీడన్, డెన్మార్క్ మహిళల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, ఒక్కో గ్రేకి గుండెపోటు లాంటి జబ్బుల ముప్పు అప్పటికే ఉన్నదాని మీద 7.4 శాతం పెరిగింది. ఊపిరి బిగబట్టి ఇచ్చే పద్ధతి ఉందేమో కనుక్కోండి. నిండా పీలిస్తే ఊపిరితిత్తి ఉబ్బి, గుండె ఛాతీ గోడ నుంచి వెనక్కి, కిందికి జరుగుతుంది. స్కాన్‌లో ఆ రెంటి మధ్య నల్లటి ఖాళీ తేటగా కనబడుతుంది. ఇరవై సెకన్లు నిలపగలిగేలా ఇంట్లో ఇప్పటి నుంచే అలవాటు చేయించండి. భుజాలు పైకి లేపకుండా, ఛాతీతోనే పీల్చాలి.

ఇమ్యూనిటీ పొడులంటూ అమ్మేవాళ్ళ మాట నమ్మి డబ్బు తగలేయకండి. ఆ డబ్బుతో, కరెంటు మొదలుపెట్టే ముందే, ఒక ఎకో తీయించండి. బీపీ, షుగరు అదుపులో పెట్టండి. కౌంట్ తక్కువుండగా జ్వరం 38 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

అన్నీ అయ్యాక గుండె డోసు రాసిన ప్లాన్ రిపోర్టు అడిగి ఫైల్లో పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత ఆయాసమని బరంపురంలో గుండె డాక్టరుకి చూపిస్తే, ఆయనకి పనికొచ్చేది ఆ కాగితమే.