బ్యాంకు స్వాధీనం చేసుకునే ఫ్లాట్ తాళం తీయమన్నారా? ముందు ఇవి చూసుకోండి

వాయిదాలు ఆగిన ఫ్లాట్ తాళం పగలగొట్టాలని రికవరీ ఏజెన్సీ (బ్యాంకు తరఫున బాకీలు వసూలు చేసేవాళ్లు) వాళ్లు తాళాలు తీసే పని చేసే మీ తమ్ముణ్ణి ఫోన్‌లో పిలిచారు, వెళ్తే కేసవుతుందేమోనని మీ టెన్షన్. ఫోన్ మాట నమ్మి మాత్రం వెళ్లొద్దనండి.

అప్పు కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా తాళం వేసిన ఇల్లు తెరవాలంటే 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వు తెచ్చుకోవడమే సరైన పద్ధతి. దాని కాపీ వాట్సాప్‌లో పంపమనండి. నసిగారంటే అక్కడితో వదిలేయండి. పంపితే అందులోని ఫ్లాట్ నంబరు, బ్లాకు తలుపు మీది నంబరుతో సరిచూడాలి. అపార్ట్‌మెంట్లలో అన్ని తలుపులూ ఒకేలా ఉంటాయి, పక్కింటిది తెరిచారంటే ఇక చెప్పేదేముంది!

మేజిస్ట్రేట్ నియమించిన కమిషనర్, పోలీసు, బ్యాంకు అధీకృత అధికారి వచ్చేదాకా డ్రిల్లు సంచిలోంచి తీయకూడదు. లోపల మనుషులుంటే పక్కకు జరగాలి, ఖాళీ చేయించడం మన పని కాదు.

తలుపుకి మోర్టైజ్ లాక్ (తలుపు చెక్క లోపలికి దిగి ఉండే తాళం) ఉంటే మొత్తం పెకలించక్కర్లేదు. తాళంచెవి దూర్చే సిలిండర్ ఒక్కటే తొలిచి తలుపు తెరిచాక, అంచున ఉన్న స్క్రూ విప్పితే అది బయటికొస్తుంది. అదే కొలతది కొత్తది పెడితే చెక్క చెడదు. తెరిచాక గడప దాటొద్దు. సామాన్ల జాబితా, పంచనామా వాళ్లు రాసుకుంటారు. కొత్త తాళంచెవులన్నీ అధికారికే ఇచ్చి సంతకం తీసుకోవాలి.

ఇళ్ల మార్కెట్ పడిపోయినప్పుడు ఇలాంటి పిలుపులు పెరుగుతాయి, బేరాలూ అంతే. సగం డబ్బు ముందే అడగమనండి.