ఆ ట్రంపెట్ సినిమా పేరు, ఆల్బంలో తేడా

నమస్తే అండీ. రాత్రి పారిస్ వీధుల్లో ఒకావిడ ఒంటరిగా నడుస్తుంటే వెనక ట్రంపెట్ మోగే నలుపు తెలుపు సినిమా ఏదని అడిగారు. ఆ బాణీ ఆల్బంలో ఒక్కోచోట ఒక్కోలా వినిపిస్తోందనీ రాశారు.

అది లూయీ మాల్ తీసిన ఫ్రెంచ్ సినిమా 'అసాన్సర్ పూర్ లెషఫో', 1958లో విడుదలైంది. నడిచేది నటి జాన్ మోరో, ట్రంపెట్ వాయించింది జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్. 1957 డిసెంబర్ 4 రాత్రి పారిస్ స్టూడియోలో తెర మీద సీన్లు చూస్తూ, చాలావరకు అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. డ్రమ్స్ కెనీ క్లార్క్. శాక్సఫోన్ బార్నీ విలెన్‌కి అప్పటికి ఇరవయ్యేళ్లే! ఆ కుర్రాడి వాయింపు ప్రత్యేకంగా వినండి.

ఇక తేడా సంగతి. సినిమా కోసం, మొదటి రికార్డు కోసం ఆ సంగీతానికి తర్వాత ప్రతిధ్వని కలిపారు. అందుకే ఖాళీ వీధిలో మోగినట్టుంటుంది. తర్వాత వచ్చిన సీడీలో ప్రతిధ్వని కలపని అసలు టేకులు, అంటే అదే బాణీని మళ్లీ మళ్లీ వాయించిన రికార్డింగులు కూడా పెట్టారు. 'న్వీ సూర్ లే షాంజెలీజే' (షాంజెలీజే పారిస్‌లో ఒక వీధి) పేరుతో నాలుగు టేకులు కనిపించేది అందుకే. మీ ఫైల్ పాడైపోలేదు, టెన్షన్ వద్దు.

మీకు కావలసింది 'ఫ్లోరాన్స్ సూర్ లే షాంజెలీజే'. సినిమాలో ఆవిడ పేరే ఫ్లోరాన్స్. నాకైతే ప్రతిధ్వని లేని టేకులే ఎక్కువ ఇష్టం, ఊపిరి కూడా వినిపిస్తుంది.