అత్తమామలతో ఎల్లోస్టోన్‌కి ఆర్వీలో వెళ్లాలనుకుంటున్నారా?

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చాను. మల్కాజిగిరిలో మా అక్క ఇంట్లో సకినాలు తింటూ కూర్చుంటే అక్క కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కకొచ్చింది. పెళ్లయి సియాటిల్ వెళ్లి ఏడాది దాటింది. ఈ జులైలో అత్తమామలు దాని దగ్గరికి వస్తున్నారట. "పిన్నీ, సాల్ట్ లేక్ సిటీలో ఆర్వీ అద్దెకి తీసుకుని ఐదు రోజుల్లో ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, మౌంట్ రష్‌మోర్ చూసేసి వస్తాం. సరిపోతుందా?" అంది. ఆర్వీ అంటే పక్కలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే పెద్ద బండి. ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ అక్కడి నేషనల్ పార్కులు. వాళ్ల అత్తగారు కూడా అక్కడే ఉన్నారు. "అడవిలో బస్సులో పడుకోవడమేంటి వదినగారూ, ఎలుగుబంట్లు రావా?" అని ఆవిడ భయం ఆవిడది.

ఇద్దరికీ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మేము డెన్వర్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. ఎల్లోస్టోన్‌కి ఆర్వీలో నాలుగుసార్లు వెళ్లాం, అందులో రెండుసార్లు మా అమ్మానాన్నలతో.

ముందు ఆ లిస్టులోంచి మౌంట్ రష్‌మోర్ కొట్టేయించాను. అది ఎక్కడో సౌత్ డకోటాలో ఉంది. ఐదు రోజులూ ఎల్లోస్టోన్‌కే ఇవ్వండి. సాల్ట్ లేక్ నుంచి పార్కు పడమటి గేటుకే 320 మైళ్లు, రానూపోనూ రోజులు వేరే లెక్క. పార్కు లోపల ఎనిమిది అంకె ఆకారంలో ఉండే గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్లు. మ్యాప్‌లో చూస్తే నాలుగు గంటల పని అనిపిస్తుంది. కానీ స్పీడ్ లిమిట్ గంటకి 45 మైళ్లే, చాలాచోట్ల ఇంకా తక్కువ. మధ్యలో అడవిదున్నల్లాంటి బైసన్‌ల మంద రోడ్డెక్కితే గంట కూడా ఆగాల్సి రావచ్చు. మన టూర్ ప్యాకేజీల్లో "పాయింట్లు" చూపించినట్టు రోజుకి పది చోట్లు పెట్టుకుంటే పెద్దవాళ్లకి నడుం నొప్పి తప్ప ఏమీ మిగలదు. జంతువుల్ని చూడాలంటే ఒకచోట ఆగి, ఓపిగ్గా ఎదురుచూడాలి. కారులో ఆ పని కష్టం. గంట కాగానే నాన్నకి బాత్రూమ్ కావాలి, అమ్మకి కాళ్లు చాపుకోవాలి, పిల్లలకి ఆకలి. ఆర్వీలో బాత్రూమ్, పొయ్యి, పక్క అన్నీ వెంటే ఉంటాయి. అందుకే అంత అద్దె పెట్టడం.

ఇక బుకింగ్. పార్కు లోపల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ బండికి కనెక్ట్ చేసుకునే ఫుల్ హుకప్ ఉన్నది ఒక్కచోటే, ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడ టెంట్లు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. వదినగారి భయానికి ఇదే నా జవాబు. దీనికి ఏడాది ముందు నుంచే జనం బుక్ చేసుకుంటారు, అయినా క్యాన్సిలేషన్లు వస్తూనే ఉంటాయి, రోజూ ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. మామత్ లాంటి కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ సైట్‌లో సరిగ్గా ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. అంటే జులై ట్రిప్పుకి ఇప్పుడే, ఈ సంక్రాంతి రోజుల్లోనే. మామత్‌లో హుకప్ లేదు, కానీ ఫిషింగ్ బ్రిడ్జ్ కంటే కిందుగా, దాదాపు 6,200 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి చలి కాస్త తక్కువ, తోడేళ్లు కనిపించే లమార్ లోయకి దగ్గర. మూడు రాత్రులు ఫిషింగ్ బ్రిడ్జ్, రెండు రాత్రులు మామత్ అని అక్క కూతురికి ప్లాన్ వేసిచ్చాను.

టికెట్ విషయంలో కొత్త మార్పు ఒకటుంది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు పైబడిన సందర్శకులకి ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్‌తో కలిపి 11 పార్కుల్లో మామూలు ఎంట్రీ ఫీజు కాక మనిషికి 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు ఇందులోకే వస్తారు. వాళ్ల కోసం 250 డాలర్ల ఏడాది పాస్ కూడా ఉంది. రెండు మూడు పార్కులు చూపించాలనుకుంటే ఏది లాభమో నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకుని లెక్కేసుకోండి. గేటు దగ్గర బండిలో కూర్చుని ఆ లెక్కలు వేసుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్వీ అంటే నడిచే ఇల్లు, దాని సంసారం మనమే చూసుకోవాలి. మా మొదటి ట్రిప్పులో ఈ మాట మాకెవరూ చెప్పలేదు. బండి ఇచ్చిన కంపెనీ కుర్రాడు పదిహేను నిమిషాల్లో స్విచ్చులన్నీ చూపించి తాళం చేతిలో పెట్టాడు. హుకప్ లేని క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. రాత్రి లైట్లన్నీ వేసుకున్నాం, నలుగురి ఫోన్లూ ఛార్జింగ్ పెట్టాం, హీటర్ ఆన్ చేసి పడుకున్నాం. హీటర్ నడిచేది ప్రొపేన్ గ్యాస్ మీదే, కానీ ఆ వేడిని లోపలికి ఊదే ఫ్యాన్ బ్యాటరీ మీద నడుస్తుందని మాకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి బ్యాటరీ అయిపోయింది. ఫ్యాన్ ఆగింది. కాసేపట్లో కిటికీల లోపలివైపు నీటిబొట్లు కట్టాయి. నాన్న రెండు రగ్గులు కప్పుకుని కూడా వణుకుతున్నారు, పైకి మాత్రం "నాకేం కాలేదురా" అంటున్నారు. జనరేటర్ వేద్దామంటే అక్కడ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే వేయాలని రూలు. ఎనిమిది ఎప్పుడవుతుందా అని ఆయన చేతులు రుద్దుతూ కూర్చున్నాను. ఆ నాలుగు గంటలు నేను మర్చిపోలేను. అందుకే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి గట్టిగా చెప్తున్నాను, మొదటి రెండు రాత్రులైనా హుకప్ ఉన్న చోటే దిగండి. లేనిచోట దిగితే సాయంత్రం ఎనిమిదిలోపు జనరేటర్ వేసి బ్యాటరీ నింపుకోండి, ఫోన్లు అప్పుడే ఛార్జ్ చేసుకోండి. జులైలో కూడా అక్కడ రాత్రి చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగగలదు.

ట్యాంకుల సంగతి చెప్పడానికి మొహమాటపడను. స్నానం, గిన్నెల నీళ్లు గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులోకి వెళ్తాయి. ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి, అప్పుడు సబ్బు నీళ్లు పైపుని కడిగేస్తాయి. హుకప్ ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచకండి. నీళ్లు జారిపోయి గట్టిది లోపలే ఉండిపోతుంది. నిండాకే వదలాలి. గ్లవ్స్ మీరే కొనుక్కోండి. అమ్మావాళ్లు చెంబు వాడతారు, నీళ్లు ఎక్కువ పడితే ట్యాంకు త్వరగా నిండుతుంది, అంతే, అందులో తప్పేం లేదు. హుకప్ ఉన్నచోట ఆ టెన్షన్ కూడా ఉండదు. వైప్స్ మాత్రం అందులో వేయకూడదని మొదటిరోజే నిదానంగా చెప్పండి.

వంట. ఫిషింగ్ బ్రిడ్జ్ 7,700 అడుగుల పైన, మన ఊటీ కంటే ఎత్తు. నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు చాలాసేపు పెట్టినా పలుకుగానే ఉండొచ్చు. చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్లండి, ఇంట్లో కంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. ఎండుమిర్చి తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది. ముందే పైన వెంట్ తెరిచి, ఫ్యాన్ వేసి అప్పుడు నూనె పెట్టండి. అగరుబత్తికీ అదే వర్తిస్తుంది. మొదటిరోజుకి పులిహోర, దద్దోజనం చేసుకుని బయల్దేరితే ప్రయాణం బడలికలో పొయ్యి వెలిగించే పని ఉండదు. ఆ ఎత్తుకి పెద్దవాళ్లకి ఆయాసం, తలనొప్పి రావచ్చు. మొదటిరోజు నడిపించకండి, మంచినీళ్లు ఎక్కువ తాగించండి, బీపీ మందులు బ్యాగులో కాదు, చేతికందే చోట పెట్టండి. విజిటర్ ఇన్సూరెన్స్ లేకుండా అసలు బయల్దేరొద్దు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది తిండి దాచడం గురించి. బయట బెంచీ మీద ఏదీ వదలకూడదు. కూర గిన్నె, చెత్త కవరు ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె సీసా కూడా. వాసన ఉన్న ప్రతిదీ ఎలుగుబంటికి తిండే. కుంకుడు రసమైనా, చింతపండు పిప్పయినా నేల మీద పోయకండి. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి క్యాంపుల చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, చివరికి దాన్ని చంపాల్సిన పరిస్థితి వస్తుంది. శ్రీశైలం దారిలో కారాపి కోతులకి అరటిపండ్లు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్రేమతోనే పెడతాం. కానీ ఇవాళ ఆ కోతులు కార్ల మీదికి ఎందుకు ఎగబడుతున్నాయో మనకి తెలుసు.

ఇది వింటూ వదినగారు, "మరి మా ఆయన పొద్దున్నే కాకికి ముద్ద పెట్టందే అన్నం తినరు కదా" అన్నారు. అక్కడ పెట్టకూడదు, పక్షులకి గింజలు వేసినా నేరమే. ఎల్లోస్టోన్‌లో పెద్ద పెద్ద నల్ల కాకులుంటాయి, రేవెన్‌లంటారు. అవి బ్యాగుల జిప్పులు ముక్కుతో లాగి తెరిచి తిండి ఎత్తుకుపోవడం నేర్చుకున్నాయి. "అన్నయ్యగారికి చెప్పండి, ఆ ఐదు రోజులూ ముద్ద మనసులో పెడితే చాలని" అన్నాను.

బైసన్‌కి, ఎల్క్ అనే పెద్ద దుప్పికి కనీసం 25 గజాలు, ఎలుగుబంటికి, తోడేలుకి 100 గజాలు దూరం ఉండాలి. ఫొటో కోసం బైసన్ దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లని ప్రతిసారీ చూస్తాను, గుండె ఝల్లుమంటుంది. మన గేదెలా నెమ్మదిగా మేస్తుంటుంది కాబట్టి సాధువనుకుంటాం. అది గంటకి 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు, ఆ పార్కులో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది కూడా అదే. ట్రెయిల్ మీద నడవాలంటే, ఎలుగుబంటి మీదికొస్తే దాని మీద కొట్టే బేర్ స్ప్రే కావాలి. విమానంలో తీసుకెళ్లనివ్వరు, పార్కు దగ్గరే కొనుక్కోవాలి. అది దోమల మందులా ఒంటికి కొట్టుకునేది కాదు. వేడినీటి బుగ్గల దగ్గర చెక్కబాట దిగకండి, పిల్లల చెయ్యి వదలకండి. పైన గట్టిగా కనిపించే నేల పల్చటి పొరంతే, ఆ నీళ్లలో పడి ఇప్పటికి 20 మందికి పైగా చనిపోయారు.

ఆర్వీ నడపడం కష్టం కాదు, కానీ తిప్పేటప్పుడు వెనక భాగం బయటికి ఊగుతుంది. ముందురోజు ఏదైనా ఖాళీ పార్కింగ్‌లో గంటసేపు ప్రాక్టీస్ చేయండి. మామత్‌లోని అప్పర్ టెర్రస్ డ్రైవ్ లాంటి కొన్ని చిన్న రోడ్లలోకి ఆర్వీలని వదలరు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ సగటున గంటన్నరకోసారి పైకి ఎగజిమ్ముతుంది, పొద్దున్నే వెళ్తే పార్కింగ్ దొరుకుతుంది.

మా నాన్నతో రెండోసారి వెళ్లినప్పుడు పొద్దున ఐదున్నరకి హేడెన్ లోయలో రోడ్డు పక్క పుల్‌ఔట్‌లో బండి ఆపాం. అమ్మ అల్లం దంచి టీ పెట్టింది. నది మీద పొగమంచు. నలభై నిమిషాలు ఏమీ కనిపించలేదు. తర్వాత మంచులోంచి గుర్రుమంటూ ఒక శబ్దం, మందంతా నడుచుకుంటూ రోడ్డు మీదికొచ్చింది. తారు మీద గిట్టల చప్పుడు, వీపు మీద ఊడుతున్న పాత ఉన్ని గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది, తల్లుల పక్కన ఇటుక రంగు దూడలు. ఒకటి మా కిటికీ పక్క నుంచే వెళ్లింది, దాని ఊపిరికి అద్దం మసకబారింది. అద్దం దించలేదు, ఇంజిన్ వేయలేదు, హారన్ కొట్టలేదు. చిన్నప్పుడు పొలానికి గేదెల్ని తోలుకెళ్లిన నాన్న, ఏడు పదుల వయసులో కప్పు పట్టుకుని కళ్లార్పకుండా చూస్తూ, "మేపేవాడు లేడు, కట్టేసేవాడు లేడు" అన్నారు. టీ చల్లారిపోయింది, తాగలేదు.

తోడేళ్ల కోసమైతే లమార్ లోయ. 1926 నాటికి ఆ పార్కులో తోడేలన్నది లేకుండా వేటాడేశారు. 1995లో కెనడా నుంచి 14 తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. తెల్లవారుజామున అక్కడ టెలిస్కోపులు పెట్టుకుని నిలబడే వాళ్లుంటారు. మర్యాదగా అడిగితే మన పెద్దవాళ్లని పిలిచి మరీ చూపిస్తారు. మాకు అలాగే కనిపించింది, మైలు దూరంలో, ఒక నల్లటిది.

నిన్న రాత్రి ఫిషింగ్ బ్రిడ్జ్‌లో మూడు రాత్రులూ దొరికాయి, ఎవరో క్యాన్సిల్ చేసుకున్నారు. మామత్ ఇవాళ అక్కడి టైమ్ పొద్దున ఎనిమిదికి, అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నరకి తెరుచుకుంటుంది. ఎనిమిదింటికే భోజనాలు ముగించి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలని అనుకున్నాం. వదినగారు అప్పుడే కోఠీలో మంకీ క్యాపులు దొరుకుతాయా అని అడుగుతున్నారు. రెండు తీసుకోండి, ఒకటి అన్నయ్యగారికి అని చెప్పాను.